బలమున్నవాడు తగ్గాడా, ఎదుటివాణ్ని తగ్గమన్నాడా? ఆసియా జాతీయవాదాలు, మారిన పాలనలు

2022 జూలైలో కొలంబో. 2024 ఆగస్టులో ఢాకా. 2025 సెప్టెంబరులో ఖాట్మండు. మూడు చోట్లా కుర్రకారు ముందు నడిచింది, జనం వెనక కదిలారు, పాలకులు దిగిపోయారు. గోటబాయ రాజపక్స దేశం విడిచి పారిపోయారు. షేక్ హసీనా సైనిక విమానంలో భారత్ వచ్చేశారు. కేపీ శర్మ ఓలి రాజీనామా చేశారు. ఖాట్మండులో చిక్కుకున్న తెలుగువాళ్లను ప్రత్యేక విమానంలో వెనక్కి తేవాల్సి రావడంతో ఆ టెన్షన్ మన ఇళ్లదాకా వచ్చింది. అప్పటి నుంచి టీవీ చర్చల్లో ఒకటే ప్రశ్న: తర్వాత ఏ దేశం?

నిజానికి ఆసియాలో వీధుల్లోకి వచ్చి పాలకుణ్ని దించడమో, దారికి తేవడమో కొత్తేమీ కాదు. 1986లో మనీలా, 1987లో సియోల్, 1998లో జకార్తా ఆ పని చేశాయి. ఆ తర్వాత ఏమైందన్నదే దేశానికో తీరుగా ఉంది. కొరియాలో ప్రజాస్వామ్యం నిలదొక్కుకుంది. ఇండోనేసియా కిందా మీదా పడుతూ నెట్టుకొస్తోంది. మయన్మార్‌లో ఎన్నిసార్లు జనం లేచినా సైన్యమే మళ్లీ కుర్చీ ఎక్కింది. ఈ తేడాకి ఒక మూలం, ఆ దేశాలు పుట్టినప్పుడు "మనం" అంటే ఎవరో తేల్చుకున్న తీరులో ఉంది. ఆ ఒక్క దారం పట్టుకుని కొన్ని దేశాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. చైనా, వియత్నాం లాంటి విప్లవ రాజ్యాల లెక్క వేరు, వాటి జోలికి పోవడం లేదు.

ముందు మూడు మాటలు విడదీసుకోవాలి

చర్చల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ప్రభుత్వం అంటే ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్లు. రాజ్యం అంటే వాళ్లు మారినా మారకుండా ఉండేది: సైన్యం, కోర్టులు, పోలీసులు, పన్ను వసూలు చేసే యంత్రాంగం. జాతి అంటే "మేమంతా ఒకటి" అనుకునే జనం. జాతీయవాదం ఏం అడుగుతుందంటే, ఈ జాతికి ఈ రాజ్యం సొంతం కావాలని. వలస పాలనలో ఆ కోరిక అందరినీ కలిపింది. తెల్లవాడు వెళ్లిపోవాలన్నప్పుడు ఎదురుగా ఉన్నది ఒక్కడే. వెళ్లిపోయాక అసలు పేచీ మొదలైంది: ఈ జాతిలో ఎవరున్నారు, ఎవరు లేరు?

దీనికి స్థూలంగా రెండు జవాబులున్నాయని పండితులు చెబుతారు. ఈ నేల మీద ఉండి, ఈ రాజ్యాంగాన్ని ఒప్పుకున్నవాళ్లంతా మనవాళ్లే అన్నది పౌర జాతీయవాదం. ఒక రక్తం, ఒక భాష, ఒక మతం ఉన్నవాళ్లే అసలైన వాళ్లన్నది జాతిమూల జాతీయవాదం. పుస్తకంలో ఈ విభజన శుభ్రంగా ఉంటుంది. నేల మీద మాత్రం ఏ దేశమూ పూర్తిగా ఒక గూట్లో ఇమడదు. ఇండోనేసియా, పాకిస్తాన్‌లను చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఇద్దరూ మైనారిటీ భాషనే ఎంచుకున్నారు, మరి ఫలితం ఎందుకు తిరగబడింది?

1928 అక్టోబరు 28న బటావియాలో, అంటే నేటి జకార్తాలో, యువజన సంఘాల వాళ్లు సమావేశమై ఒక ప్రతిజ్ఞ చేశారు. ఒకే మాతృభూమి, ఒకే జాతి, ఒకే భాష. ఆ భాషకి ఇండోనేసియా భాష అని పేరు పెట్టారు. అది నిజానికి మలయ్. అప్పటి జనాభాలో జావా భాష మాట్లాడేవాళ్లు నలభై శాతానికి పైనే, మలయ్ సొంత భాషగా ఉన్నవాళ్లు చాలా కొద్దిమంది.

పాకిస్తాన్‌లోనూ లెక్క దాదాపు ఇంతే. 1951 జనాభా లెక్కల్లో బెంగాలీ మాట్లాడేవాళ్లు సగానికి పైగా, ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు ఏడు శాతం చుట్టుపక్కల. జాతీయ భాషగా ఉర్దూని నిలబెట్టారు. అంటే రెండు చోట్లా పెద్ద భాషను పక్కనపెట్టి చిన్న భాషను గద్దె ఎక్కించారు. ఒకచోట అది దేశాన్ని కలిపింది. ఇంకోచోట ఇరవై ఐదేళ్లు తిరక్కుండానే దేశం రెండు ముక్కలైంది.

కాబట్టి కిటుకు భాషలో లేదు. తగ్గింది ఎవరో, లాభపడింది ఎవరో చూడాలి.

ఇండోనేసియాలో తగ్గింది బలమున్నవాళ్లు. జావావాళ్లు జనాభాలో ఎక్కువ, చదువుల్లో ముందు, రాజకీయాల్లో ముందు. వాళ్లే తమ భాషను పట్టుబట్టలేదు. దానికి ఆచరణలో కారణాలూ ఉన్నాయి. జావా భాషలో ఎదుటివాడి హోదాని బట్టి మాటలు మారిపోతాయి, పెద్దవాడితో ఒక పదజాలం, చిన్నవాడితో ఇంకో పదజాలం. అందరం సమానమని చెప్పుకునే ఉద్యమానికి అది ఇబ్బంది. మలయ్ రేవుల్లో, సంతల్లో అన్ని దీవులవాళ్లూ వాడుకునే బేరసారాల భాష. అందరూ నేర్చుకోవాల్సిందే కాబట్టి ఉద్యోగాల పోటీలో ఎవరికీ ముందు వరుస సీటు దొరకలేదు.

పాకిస్తాన్‌లో 1948 ఫిబ్రవరిలో తూర్పు బెంగాల్ సభ్యుడు ధీరేంద్రనాథ్ దత్తా రాజ్యాంగ సభలో అడిగింది చాలా చిన్న కోరిక. సభా వ్యవహారాల్లో ఇంగ్లిషు, ఉర్దూలతో పాటు బెంగాలీని కూడా అనుమతించమన్నారు. ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ఒప్పుకోలేదు. మరుసటి నెల జిన్నా ఢాకా వచ్చి, దేశానికి రాజభాష ఉర్దూ ఒక్కటేనని నిండు సభలో చెప్పేశారు. ఉర్దూ వస్తే సర్కారు కొలువులు ఎవరికి దక్కుతాయో ఢాకా యూనివర్సిటీ కుర్రాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 1952 ఫిబ్రవరి 21న పోలీసు కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు. 1956 రాజ్యాంగంలో బెంగాలీకి చోటిచ్చారు గానీ అప్పటికే మనసులు విరిగిపోయాయి. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 జనరల్ సీట్లలో 160 బెంగాలీల పార్టీ అవామీ లీగ్ గెలిచింది, జాతీయ సభలో మెజారిటీ వచ్చింది, అయినా అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. ఆ ఏడాది డిసెంబరు 16న బంగ్లాదేశ్ ఏర్పడింది. రెండు ముక్కల మధ్య సుమారు 1,600 కిలోమీటర్ల దూరం, జనపనార ఎగుమతి డబ్బు పశ్చిమానికి పోతోందన్న కోపం కూడా తోడయ్యాయి. భాష ఒక్కటే దేశాన్ని విడగొట్టిందని చెప్పలేం. కానీ ఆ కోపాలన్నీ వచ్చి చేరిన చోటు భాషే.

శ్రీలంకది మూడో రకం. అక్కడ మెజారిటీయే మొత్తం తీసుకుంది. 1956 చట్టం సింహళాన్ని ఏకైక అధికార భాష చేసింది. అంతకు ముందే, 1948 పౌరసత్వ చట్టం టీ తోటల్లోని భారత సంతతి తమిళ కూలీల్లో అత్యధికులకు పౌరసత్వం లేకుండా చేసింది. 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధానికి విత్తనం అక్కడుంది.

1945 ఆగస్టు 18 ఉదయం తీసేసిన ఏడు మాటలు

ఇండోనేసియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది ఆగస్టు 17న. రాజ్యాంగ పీఠిక ముసాయిదాలో అప్పటికి ఒక వాక్యం ఉంది: ముస్లింలు షరియాను పాటించే బాధ్యతతో సహా దైవవిశ్వాసం అని. వాళ్ల భాషలో ఆ షరియా ముక్క ఏడు మాటలు. ఆ సాయంత్రం స్వాతంత్ర్య నాయకుల్లో ఒకరైన మహమ్మద్ హట్టా దగ్గరికి ఒక జపాన్ నౌకాదళ అధికారి వచ్చి, ఈ మాటలుంటే తూర్పు దీవుల క్రైస్తవులు కొత్త దేశంలో చేరరని కబురు చెప్పాడు. మర్నాడు ఉదయం సభ మొదలయ్యే ముందు హట్టా ముస్లిం నాయకులను కూర్చోబెట్టి మాట్లాడారు. కాసేపట్లోనే ఒప్పుకున్నారని ఆయనే తర్వాత చెప్పారు. ఏడు మాటలూ పోయాయి. అధ్యక్షుడు ముస్లిం అయి ఉండాలన్న షరతూ పోయింది.

జనాభాలో అత్యధికులు ముస్లింలైన దేశంలో జరిగిన పని ఇది. దీన్ని ద్రోహంగా చూసేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు, ఆ వాదన పదే పదే తిరిగొస్తూనే ఉంటుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే, దేశం పుట్టే తొందరలో మెజారిటీ మాట పావుగంటలో కొట్టేశారు. ఇంకో వైపు నుంచి చూస్తే, వేల దీవుల దేశం ముక్కలు కాకుండా ఉండటానికి చెల్లించిన ధర అది. నాకు రెండో మాటే బలంగా కనిపిస్తుంది గానీ, మొదటివాళ్ల కోపం ఉత్తదని అనలేను.

మరి అంత విశాలంగా మొదలైన దేశం ప్రజాస్వామ్యంగా సాఫీగా నడిచిందా అంటే, లేదు. 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి లక్షలమందిని చంపారు. ఐదు లక్షలకు తక్కువ కాదన్నది ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా సైనిక జనరల్ సుహార్తో పాలన. చైనా సంతతి పౌరుల బడులు మూయించారు, వాళ్ల కొత్త సంవత్సరం బహిరంగంగా జరుపుకోనివ్వలేదు. 1975లో తూర్పు తైమూర్‌ను ఆక్రమించారు. 1999 ఆగస్టులో ఓటు హక్కు దొరగ్గానే అక్కడ 78 శాతానికి పైగా జనం విడిపోతామన్నారు. విశాలమైన జాతీయవాదం దేశాన్ని కలిపి ఉంచగలదు. పాలకుడి చెయ్యి పట్టుకుని ఆపే శక్తి దానికి లేదు.

కోరంగీలు, రంగూన్ రేవు, 1823 అనే గీత

ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లకి "రంగం వెళ్లడం" అంటే తెలుసు. రంగం అంటే రంగూన్, అప్పటి బర్మా (నేటి మయన్మార్) రాజధాని. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో అక్కడివాళ్లు తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. ఓడరేవు కూలి పని, రిక్షా లాగడం, మురుగు పని ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే ఉండేది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. సొంత రాజధానిలో తామే మైనారిటీ అన్నది బర్మావాళ్ల గుండెల్లో ముల్లు.

1930 మేలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించాయి. సమ్మె తేలిపోగానే తెలుగువాళ్లను మళ్లీ పనిలోకి పిలిచి, బర్మావాళ్లను పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లు. లాభం చూసుకున్నది మధ్యలో ఉన్న కంపెనీలు, తలలు పగిలింది రెండు వైపులా కూలీలవి. ఆ ఏడాదే పుట్టిన దోబామా సంఘం, అంటే "మన బర్మావాళ్ల" సంఘం, తర్వాతి స్వాతంత్ర్య ఉద్యమానికి నాయకులను తయారుచేసింది. బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ కూడా అందులోంచే వచ్చారు. ఆ జాతీయవాదానికి ఎదురుగా ఇద్దరు కనిపించేవారు: పైన ఇంగ్లిషువాడు, పక్కన భారతీయుడు.

ఆంగ్ సాన్ గీతను కాస్త వెడల్పు చేయబోయారు. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం చేసుకుని వాళ్ల కొండ ప్రాంతాలకు స్వయంపాలన మాటిచ్చారు. అయిదు నెలలకే ఆయన్ని కాల్చి చంపారు. మాట గాల్లో కలిసింది. 1948 నుంచే తిరుగుబాట్లు మొదలయ్యాయి. 1962లో జనరల్ నే విన్ అధికారం లాక్కున్నారు, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు, లక్షలమంది భారతీయులు చేతికందిన మూట పట్టుకుని తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు ఆ రోజుల గుర్తే.

1982 పౌరసత్వ చట్టం ఎలా పనిచేస్తుందో ఒక ఊహా కుటుంబంతో చూద్దాం. ఒకాయన 1890లో శ్రీకాకుళం నుంచి రంగం వెళ్లాడు. కొడుకు అక్కడే పుట్టాడు, మనవడూ అక్కడే పుట్టాడు. చట్టం అడిగే మొదటి ప్రశ్న: నీ జాతి 1823కి ముందు నుంచి ఈ నేల మీద ఉందా? బ్రిటిష్‌వాళ్లతో మొదటి యుద్ధానికి ముందు సంవత్సరం అది. లేదు. అయితే పుట్టుకతో వచ్చే పూర్తి పౌరసత్వం లేదు. కాగితాలు చూపించి, ఒక మెట్టు కింది హోదా కోసం అర్జీ పెట్టుకోవాలి. కాగితాలు లేకపోతే ఏ హోదా లేదు. ఈ జల్లెడలో లక్షల సంఖ్యలో రోహింగ్యాలు, అంటే పశ్చిమాన రఖైన్ ప్రాంతపు ముస్లింలు, పౌరసత్వం లేకుండా మిగిలిపోయారు. 2017లో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ సమయంలో ఎన్నికైన ప్రభుత్వమే ఉందనీ, ఆంగ్ సాన్ కూతురు సూచీయే దాన్ని నడిపిస్తున్నారనీ మర్చిపోకూడదు. ఓటు పెట్టె తెరిచినంత మాత్రాన "మనం" గీత దానంతటదే జరగదు.

జాతి రక్షకుణ్ని నేనేనని సైన్యం అన్నప్పుడు

ఇప్పుడు ఇండోనేసియా, మయన్మార్ పక్కపక్కన పెడితే ఒక గొలుసు కనిపిస్తుంది. రెండు సైన్యాలూ స్వాతంత్ర్య పోరాటంలోంచే వచ్చామని చెప్పుకుంటాయి, రెండూ దశాబ్దాల పాటు పాలించాయి. సుహార్తో దిగిపోయే నాటికి 500 మంది పార్లమెంటులో 75 సీట్లు సైన్యానికి రిజర్వు. 2004కల్లా అవి పోయాయి. మయన్మార్‌లో 2008 రాజ్యాంగం నాలుగోవంతు సీట్లు సైన్యానికి రాసిచ్చింది, రాజ్యాంగం మార్చాలంటే నాలుగింట మూడొంతులకు మించి ఓట్లు కావాలంది. లెక్క చూస్తే సైన్యం కాదంటే ఏదీ కదలదు. అదీ చాలక 2021 ఫిబ్రవరి 1న పూర్తిగా లాగేసుకుంది.

తేడా ఎక్కడుంది? మయన్మార్‌లో గీత బయట ఉన్నవాళ్లు ఎక్కువ, కాబట్టి యుద్ధాలు ఆగలేదు. యుద్ధం ఉన్నన్నాళ్లూ "నేను లేకపోతే దేశం ముక్కలైపోతుంది" అన్న సాకు సైన్యానికి ఉంటుంది. ఇండోనేసియాలో తైమూర్ వెళ్లిపోయింది, 2005లో ఆచే తిరుగుబాటుదారులతో సంధి కుదిరింది, ఆ సాకు బలం తగ్గింది. పపువాలో మాత్రం ఇంకా ఉంది. 2025 మార్చిలో సైనికులు మరిన్ని సివిల్ పదవుల్లో ఉండేలా చట్టం సవరించారు, దాని మీద విద్యార్థులు రోడ్డెక్కారు. కాబట్టి ఆ కథ ముగిసిందనుకోవడం తొందరపాటే.

కొరియా, తైవాన్: లెక్కకి లొంగని ఇద్దరు

దక్షిణ కొరియాలో ఒకే భాష, దాదాపు ఒకే జాతి. "మనం ఎవరం" అన్న పేచీ లేదు. అయినా 1961 నుంచి పాతికేళ్లకు పైగా సైనికాధికారులే పాలించారు. జాతి కోసం కష్టపడండని నియంత అన్నాడు. నువ్వు జాతికే ద్రోహివని విద్యార్థులు అన్నారు. ఇద్దరి నోటా అదే మాట. 1980 మేలో గ్వాంగ్జూలో సైన్యం సొంత జనాన్ని కాల్చాక ఆ వాదన ఎటు మొగ్గిందో తెలిసిపోయింది. 1987 జూన్‌లో అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు.

ఆ జ్ఞాపకం ఎంత పని చేస్తుందో 2024 డిసెంబరు 3 రాత్రి చూశాం. పదిన్నర వేళ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, ప్రకటించారు. సైనికులు హెలికాప్టర్లలో పార్లమెంటు ఆవరణలో దిగారు. సభ్యులు గోడ దూకి లోపలికి వెళ్లారు. సిబ్బంది బల్లలు, కుర్చీలు తలుపులకు అడ్డం పెట్టి, మంటలార్పే సిలిండర్లతో పొడి చిమ్మారు. బయట జనం సైనికులను పట్టుకుని నిలదీశారు. తెల్లవారుజామున ఒంటిగంటకి సభలో ఉన్న 190 మందీ రద్దుకు ఓటేశారు. నాలుగు నెలల తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం యూన్‌ను పదవి నుంచి తొలగించింది.

తైవాన్‌లో ఇదే బాట వెనక్కి నడిచింది. అక్కడ జాతీయవాదం రాజకీయాలను మార్చలేదు, రాజకీయాలే జాతీయవాదాన్ని మార్చాయి. చైనా నుంచి వచ్చిన కుమింటాంగ్ పార్టీ 1949 నుంచి 1987 దాకా మార్షల్ లా కింద "మనం చైనీయులం" అని బడిలో నేర్పింది. ఓటు వచ్చాక జనం ఆ పాఠం పక్కన పెట్టారు. 1992 నుంచి అక్కడి ఒక విశ్వవిద్యాలయం చేస్తున్న సర్వేలో మొదట "నేను తైవానీని మాత్రమే" అన్నవాళ్లు ఐదోవంతు కూడా లేరు. ఈ మధ్య సంవత్సరాల్లో అరవై శాతం చుట్టుపక్కల ఉన్నారు.

ఇదంతా భావోద్వేగమేనా, అసలు సంగతి డబ్బు కాదా?

ఆర్థిక శాస్త్రం వైపు మొగ్గేవాళ్లు ఇలా అంటారు: సుహార్తోను దించింది సిద్ధాంతం కాదు, రూపయా (ఇండోనేసియా కరెన్సీ). 1997 మధ్యలో డాలరుకు సుమారు 2,400 ఉన్నది 1998 జనవరికల్లా పదివేలు దాటింది. కొలంబోలో జనం రోడ్డెక్కింది పెట్రోలు, గ్యాస్, మందులు దొరక్క. ఈ వాదన చాలావరకు నిజం. ప్రభుత్వం ఎప్పుడు కూలుతుందన్న ప్రశ్నకి మంచి జవాబు ఇదే. ఎవరి మీద కోపం తిరుగుతుంది, తర్వాత ఎవరిని నమ్ముతారు అన్నవాటికి మాత్రం చాలదు. జకార్తాలో అదే 1998 మేలో ఆకలి కోపం చైనా సంతతివాళ్ల దుకాణాల మీదికి మళ్లింది, వెయ్యిమందికి పైగా చనిపోయారు.

బంగ్లాదేశ్‌లో డబ్బూ జాతీయవాదమూ ఒకే నిబంధనలో ముడిపడ్డాయి. స్వాతంత్ర్య యోధుల కుటుంబాలకు సర్కారు ఉద్యోగాల్లో 30 శాతం కోటా. 1971లో పోరాడినవాళ్ల మనవలకు 2024లో ఉద్యోగం. డిగ్రీ చేత పట్టుకుని తిరిగే కుర్రాడికి అది జాతి గౌరవంలా కాక పార్టీవాళ్ల పంపకంలా కనిపించింది. కోటా వాళ్లకు కాకపోతే రజాకార్ల మనవలకు ఇవ్వాలా అని హసీనా అనడంతో నిప్పు రాజుకుంది. మన తెలంగాణలో ఆ పేరుకి వేరే చరిత్ర ఉంది. అక్కడ అది 1971లో పాకిస్తాన్ సైన్యానికి తోడు నిలిచినవాళ్ల పేరు, అంతకు మించిన తిట్టు లేదు. ఆ రాత్రే విద్యార్థులు దాన్నే నినాదం చేసుకున్నారు. సుప్రీంకోర్టు జూలై 21న యోధుల కోటా 5 శాతానికి తగ్గించినా అప్పటికే ఆలస్యమైంది. 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది.

కొలంబో కథ అనుకోని మలుపు తీసుకుంది. 2024 నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో కొత్త అధ్యక్షుడు అనుర కుమార దిసానాయకే కూటమి 225కి 159 సీట్లు గెలిచింది. తమిళుల కంచుకోట జాఫ్నా జిల్లాలోనూ మొదటి స్థానం దానిదే. దక్షిణాది సింహళ పార్టీకి అక్కడ ఇలా జరగడం అపురూపం. అది కొత్త "మనం"కి ఓటా, పాత తమిళ నాయకుల మీద విసుగా అన్నది అక్కడే రెండు మాటలుగా వినిపిస్తోంది. యుద్ధంలో కనిపించకుండా పోయినవాళ్ల కుటుంబాలు ఇంకా జవాబు కోసమే ఎదురుచూస్తున్నాయి.

ఢాకాలో గీత మళ్లీ గీసే పని మొదలైంది. అసలు 1972లో బంగ్లాదేశ్ రాజ్యాంగం పౌరులందరినీ బెంగాలీలన్నప్పుడు, చిట్టగాంగ్ కొండల ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లర్మా సభలోనే అడ్డం తిరిగారు. మేం చాక్మాలం, బెంగాలీలం ఎలా అవుతామన్నారు. భాష రుద్దితే ఒప్పుకోక దేశం తెచ్చుకున్నవాళ్లు ఆయన మాట వినలేదు. కొండల్లో రెండు దశాబ్దాలు పోరు నడిచి 1997లో ఒప్పందమైంది. 2025 జనవరిలో రాజ్యాంగ సంస్కరణల కమిషన్ పౌరులను "బంగ్లాదేశీలు" అనాలని సిఫారసు చేసింది, అది లర్మా అడిగినదానికి దగ్గరే. అదే నివేదిక మూల సూత్రాల్లోంచి లౌకికవాదాన్ని తీసి బహుళత్వాన్ని పెట్టమంది. ఒక సవరణతో కొండవాళ్లకు చోటు దొరకొచ్చు, ఇంకో సవరణతో తమ చోటు ఏమవుతుందోనని హిందువులు భయపడుతున్నారు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.